మనం అనాలా, మేం అనాలా: ఫిలిప్పీనోల ఆత్మగౌరవం కథ

2015 ఆగస్టులో ఫిలిప్పీన్స్ కస్టమ్స్ అధికారులు ఒక ప్రకటన చేశారు. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇళ్ళకు పంపే అట్టపెట్టెల్లో కొన్నిటిని విప్పి తనిఖీ చేస్తామన్నారు. ఈ పెట్టెల చాటున పన్ను ఎగ్గొట్టి సరుకు దించేస్తున్నారన్నది వాళ్ళ వాదన. ఏ దేశంలోనైనా కస్టమ్స్ వాళ్ళు చేసే పనే. అక్కడ మాత్రం దేశం భగ్గుమంది. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, సౌదీలో నర్సులు, ఓడల మీద పనిచేసే నావికులు ఒక్క గొంతుతో తిరగబడ్డారు. ఒక రోజంతా ఇంటికి పైసా పంపకుండా నిరసన చెబుదామన్న పిలుపు కూడా వచ్చింది. చివరికి దేశాధ్యక్షుడే కలగజేసుకుని పెట్టెలు విప్పవద్దని ఆదేశించాడు. మరుసటి ఏడాది చట్టమే మార్చి, పన్ను లేకుండా పంపుకోగలిగే సరుకు విలువను 10,000 పెసోల నుంచి 1,50,000 పెసోలకు పెంచారు.

దాన్ని బాలిక్‌బాయన్ పెట్టె అంటారు. బాలిక్ అంటే తిరిగి రావడం. బాయన్ అంటే ఊరు, దేశం, జనం, మూడూను. తిరిగి ఊరికొచ్చే మనిషిని బాలిక్‌బాయన్ అంటారు, ఆ మనిషి రాలేనప్పుడు పెట్టె వస్తుంది. ఓడలో బయల్దేరి ఇల్లు చేరడానికి నెలో, రెండు నెలలో పడుతుంది. బరువును బట్టి కాకుండా పెట్టెకింత అని రేటు కాబట్టి, వేలు దూరే సందు కూడా వదలకుండా కుక్కుతారు. అడుగున మాంసం డబ్బాలు, పైన సబ్బులు, టూత్‌పేస్టులు, షాంపూలు, చాక్లెట్లు. కొత్త బూట్ల లోపలి ఖాళీ మాత్రం ఎందుకు వదలాలని అందులో సాక్సుల జతలు. సీసాలు పగలకుండా చుట్టూ తువ్వాళ్ళు. ఇవన్నీ ఒక్కరోజున కొన్నవి కావు. డిస్కౌంటు పెట్టినప్పుడల్లా ఒకటీ అరా కొని, గది మూలన నోరు తెరుచుకుని కూర్చున్న పెట్టెలో వేస్తూ పోతే నిండడానికి నెలలు పడుతుంది. ఇంటి దగ్గర దాన్ని విప్పగానే సబ్బు, చాక్లెట్, కొత్త బట్ట కలిసిన ఒక వాసన గుప్పున వస్తుంది. అమ్మ వాసన అంటే అదే అనుకుంటూ పెరిగిన పిల్లలు ఆ దేశంలో ఒక తరం మొత్తం ఉన్నారు. దాంట్లో ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి పెడతాడంటే ఊరుకుంటారా?

ఇంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే, ముందు వాళ్ళ భాషలోని ఒక చిన్న విషయం చెప్పాలి. ఇంగ్లీషువాడికి దీన్ని వివరించాలంటే ఒక పేరా రాయాలి, తెలుగువాళ్ళకి ఒక్క ముక్క చాలు. టగాలోగ్‌లోనూ మనకిలాగే 'మనం' వేరు, 'మేం' వేరు. తాయో అంటే మనం, కమీ అంటే మేం. ఆతిన్ అంటే మనది, ఆమిన్ అంటే మాది. పరాయి దేశంలో ఇద్దరు ఫిలిప్పీనోలు ఎదురుపడితే మొదటి ప్రశ్న తరచుగా ఇలా ఉంటుంది: 'తగాసాన్ కా సా ఆతిన్?' మన దగ్గర నీదే ఊరు, అని. అవతలి మనిషి పేరు తెలియకముందే 'మన' వచ్చేస్తుంది. ఫిలిప్పీనోల ఆత్మగౌరవం గురించి జరిగే గొడవలన్నీ తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయని నాకనిపిస్తుంది. ఈ 'మన'లో ఎవరున్నారు, ఎవరిని ఎవరు చేర్చారు, ఎవరు చేరనంటున్నారు?

ఫిలిప్పీనో అన్న పేరు మొదట వాళ్ళది కానే కాదు. 1543లో స్పెయిన్ నుంచి వచ్చిన నావికుడు విల్యాలోబోస్ అక్కడి దీవులకు తమ యువరాజు ఫిలిప్ పేరు పెట్టాడు. 1565లో మొదలైన స్పెయిన్ పాలన 333 ఏళ్ళు సాగింది. ఆ కాలంలో చాలావరకు ఫిలిప్పీనో అంటే ఆ దీవుల్లో పుట్టిన స్పెయిన్ జాతివాడు. నేల పుట్టినప్పట్నుంచీ అక్కడున్న మనిషిని 'ఇండియో' అనేవాళ్ళు. ఆ పిలుపులో ఎంత చులకన ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. 1849లో గవర్నర్ క్లావేరియా ఇంటిపేర్ల పట్టిక ఒకటి అచ్చేయించి ఊళ్ళకు పంచాడు. పన్ను వసూళ్ళకి, జనాభా లెక్కలకి వీలుగా కుటుంబాలు అందులోంచి ఇంటిపేర్లు తీసుకోవాలన్నది ఉత్తర్వు. కొన్ని ఊళ్ళకు పట్టికలో ఒకే అక్షరం పేజీలు వెళ్ళాయి. ఆల్బాయ్ రాష్ట్రంలోని ఓయాస్ పట్టణంలో 'ర'తో మొదలయ్యే ఇంటిపేర్లు ఇవాళ్టికీ కుప్పలుగా కనిపించడానికి కారణం అదే. స్పెయిన్ రక్తం చుక్క కూడా లేని కుటుంబం స్పెయిన్ ఇంటిపేరుతో పిలిపించుకోవడం వెనక చాలాసార్లు ఉన్నది పెళ్ళి కాదు, ఉత్తర్వు. ఇంటిపేరు చెబితే ఊరూ వంశమూ పట్టేసే అలవాటున్న మనకు, అది ఎంత పెద్ద కోతో వెంటనే తెలుస్తుంది.

మరి ఆ పేరును వీళ్ళు తమది చేసుకున్నది ఎప్పుడు, ఎక్కడ? మనీలాలో కాదు. మాడ్రిడ్‌లో, బార్సిలోనాలో, పారిస్‌లో.

1884లో మాడ్రిడ్ చిత్రకళా ప్రదర్శనలో ఫిలిప్పీనో చిత్రకారుడు హువాన్ లూనా గీసిన 'స్పోలియారియం'కు బంగారు పతకం వచ్చింది. రోమ్ మల్లరంగంలో చచ్చిపోయిన యోధుల శవాలను నేలమీద ఈడ్చుకుపోతున్న దృశ్యం అది. ఏడున్నర మీటర్ల వెడల్పున్న ఆ బొమ్మ ఇప్పుడు మనీలాలోని జాతీయ మ్యూజియంలో గోడ నిండా ఉంది. అదే పోటీలో ఇంకో ఫిలిప్పీనో, ఫెలిక్స్ హిదాల్గో వెండి పతకం గెలిచాడు. ఆ ఇద్దరికీ జరిగిన విందులో లేచి మాట్లాడిన 23 ఏళ్ళ కుర్రాడు హోసే రిసాల్, తర్వాత ఆ దేశానికి జాతీయ వీరుడైనవాడు. ప్రతిభ ఏ ఒక్క జాతి సొత్తూ కాదన్నది అతని ప్రసంగ సారాంశం. స్పెయిన్ గడ్డ మీద, స్పెయిన్ పెద్దల ముందు, స్పెయిన్ పాలించే దేశం నుంచి వచ్చినవాడు ఆ మాట అన్నాడు. అయిదేళ్ళ తర్వాత పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అమెరికా మూలవాసులు గుర్రాల మీద చేసిన విన్యాసాలు చూసి, రిసాల్ తన మిత్రులతో కలిసి ఒక బృందం కట్టాడు. దానికి 'ఇండియోస్ బ్రావోస్' అని పేరు పెట్టుకున్నారు. ధీరులైన ఇండియోలు అని. తిట్టును తీసి తలపాగా చుట్టుకోవడం అంటే అదే.

అంతకుముందే అతను లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, 1609లో మోర్గా అనే స్పెయిన్ అధికారి ఈ దీవుల గురించి రాసిన పుస్తకాన్ని చేత్తో ఎత్తి రాసుకున్నాడు. పేజీ పేజీకీ కింద సొంత వ్యాఖ్యలు జోడించి అచ్చేయించాడు. స్పెయిన్ రాకముందు మాకు పడవలు కట్టడం, లోహం పోతపోయడం, వ్యాపారం చేయడం తెలుసు అని రుజువు చూపించడానికి ఆ శ్రమంతా. సొంత గతం వెతుక్కోవడానికి కూడా పరాయి రాజధానిలోని గ్రంథాలయానికి వెళ్ళాల్సివచ్చిన మనిషి అతను. 1896 డిసెంబర్ 30న మనీలాలో స్పెయిన్ పాలకులు అతన్ని కాల్చి చంపించారు. అప్పటికి ఫిలిప్పీనో అనే పేరు యజమాని మారిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటాం మనం. వాళ్ళ చరిత్ర దీన్ని తిరగేసింది. రచ్చలో గెలిచాకే ఇంట్లో నమ్మారు. ఈ వరస అప్పట్నుంచి ఇప్పటిదాకా మారలేదు.

1898 జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో స్పెయిన్ 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని ఆ దీవులను అమెరికాకు రాసిచ్చేసింది. యుద్ధం జరిగింది, అమెరికా గెలిచింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు వెయ్యి మందికి పైగా ఫిలిప్పీనోలను తీసుకెళ్ళి, గుడిసెలు వేయించి, జనం టిక్కెట్టు కొని చూసేలా కూర్చోబెట్టారు. కొండ ప్రాంతపు ఇగోరోట్ మనుషులు కుక్కమాంసం తినడాన్ని ఒక వింతగా చూపించారు. అదే అమెరికా బళ్ళు తెరిచింది, ఇంగ్లీషు నేర్పింది, నర్సింగ్ కాలేజీలు పెట్టింది. ఇవాళ ప్రపంచంలో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఫిలిప్పీనో నర్సు కనబడడానికి బీజం అక్కడ పడింది. అమెరికా పొలాల్లో, చేపల ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళినవాళ్ళు 1920లలో తమను తాము 'పినోయ్' అని పిలుచుకోవడం మొదలుపెట్టారు. దేశమంతా గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకునే ఈ ముద్దుపేరు కూడా వలసలోనే పుట్టింది.

వలసలో పుట్టిన 'మనం' ఇంటికొచ్చాక ఏమైంది? అక్కడే అసలు చిక్కు. ఆ దేశంలో 170కి పైగా భాషలున్నాయి. 1937లో అధ్యక్షుడు కేసోన్ టగాలోగ్‌ను జాతీయ భాషకు పునాదిగా ప్రకటించాడు. 1959లో దానికే 'పిలిపినో' అని, 1987 రాజ్యాంగంలో 'ఫిలిపినో' అని పేరు మార్చారు. పేరు మారింది గానీ అది మనీలా భాషేనని నడుమనున్న సెబూ దీవివాళ్ళకు తెలుసు. వాళ్ళ భాష సెబ్వానో కోట్లమందికి తల్లిభాష. డాక్టర్ చదువుకని దక్షిణాన ఉన్న దవావో నగరానికి వెళ్ళిన మన పిల్లలు చాలామందికి ఇది అనుభవమే. ఇక్కడ బయల్దేరే ముందు యూట్యూబ్‌లో నాలుగు టగాలోగ్ మాటలు నేర్చుకుంటారు. 'సలామత్ పో' అంటే కృతజ్ఞతలండీ అని, ఆ 'పో' అచ్చం మన 'అండీ'యే అని మురిసిపోతారు. తీరా దిగాక బజారులో వినబడేది సెబ్వానో. అందులో ఆ 'పో' లేదు.

దక్షిణాన ముస్లింలు తమను మోరోలంటారు. స్పెయిన్ రాజు పేరు మాకెందుకు, మేం అతనికి ఎప్పుడూ లొంగలేదు కదా అన్నది వాళ్ళలో చాలామంది వాదన. విచిత్రమేమిటంటే మోరో కూడా స్పెయిన్‌వాళ్ళు పెట్టిన పేరే. తమ దేశంలోని మూర్లను అన్నట్టే వీళ్ళనూ అన్నారు. వీళ్ళూ ఆ పేరును ఎత్తుకుని జెండాకెక్కించారు. దశాబ్దాల పోరాటం తర్వాత 2019లో బంగ్సామోరో స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. అదే ఏడాది అధ్యక్షుడు దుతెర్తె దేశం పేరునే మహర్లికా అని మారిస్తే బాగుంటుందన్నాడు. ఆ మాట ముందుకు సాగలేదు. సాగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రిసాల్ తరం ప్రాణాలు పెట్టి సొంతం చేసుకున్న పేరును, ఎప్పుడో ఎవడో పెట్టాడని పారేయడం వాళ్ళ శ్రమను పారేయడమే.

స్పెయిన్‌కు ముందు ఏముందని అడిగేవాళ్ళకు, 1989లో మనీలా దగ్గర లగూనాలో దొరికిన రాగిరేకు జవాబు చెబుతుంది. శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900. ఒక అప్పు తీరిపోయిందని రాసిచ్చిన పత్రం అది. దాని లిపి మూలం పల్లవ లిపి, కాలం లెక్క శకం. ఇవాళ్టి టగాలోగ్‌లో ముఖాన్ని 'ముఖా' అంటారు, పంతులు 'గురో', దిక్కులేని పేద 'దుఖా', వనదేవత 'దివాతా'. మన నాలుక మీద ఉన్న మాటలే మలయ్ దీవుల మీదుగా అంత దూరం వెళ్ళాయి.

ఇక ఇప్పటి వలస. 1974లో అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం కార్మిక చట్టం తెచ్చి, మనుషుల్ని పనికి బయటి దేశాలకు పంపడాన్ని ప్రభుత్వ విధానం చేసింది. అప్పుడే చమురు ధర పెరిగి గల్ఫ్‌లో భవనాలు లేస్తున్నాయి. తాత్కాలికం అనుకున్నది యాభై ఏళ్ళయినా ఆగలేదు. సుమారు కోటిమంది బయట ఉన్నారు. 2023లో బ్యాంకుల ద్వారా వాళ్ళు ఇంటికి పంపినది 3,300 కోట్ల డాలర్లకు పైమాటే. గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళనడిగి చూడండి, పక్క పడకలోనో పక్క కౌంటర్లోనో ఒక ఫిలిప్పీనో ఉన్న సంగతి చెబుతారు.

1988లో అధ్యక్షురాలు కొరసోన్ అక్వినో హాంకాంగ్‌లోని ఇంటి పనివాళ్ళను 'బగోంగ్ బయానీ' అంది. కొత్త వీరులు అని. ఆ పిలుపులో గౌరవం ఉంది, కాదనను. కానీ వీరుడు అని పిలిచాక కష్టం గురించి అడగాల్సిన పని తప్పిపోతుంది, వీరులకు కష్టం సహజం కాబట్టి. ఈ పిలుపు ఖరీదు 1995 మార్చి 17న తేలింది. సింగపూర్‌లో పనిమనిషిగా ఉన్న ఫ్లోర్ కొంతెంప్లాసియోన్‌ను జంట హత్యల కేసులో ఉరితీశారు. ఆమె నేరం చేయలేదని నమ్మిన లక్షలమంది, సొంత ప్రభుత్వమే ఆమెను కాపాడుకోలేదని రోడ్లెక్కారు. మూడు నెలల్లో వలస కార్మికుల రక్షణకు చట్టం వచ్చింది. వీరులంటూ పొగిడిన ఏడేళ్ళకు, ఒక శవం ఇంటికొచ్చాక, వచ్చింది.

హాంకాంగ్‌లో ఆదివారం సెంట్రల్ ప్రాంతానికి వెళ్తే వీళ్ళ 'మనం' కళ్ళకు కడుతుంది. బ్యాంకు భవనాల కింద, ఫ్లైఓవర్ల మీద, అట్టముక్కలు పరుచుకుని వేలమంది ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. వారమంతా యజమాని ఇంట్లోనే పని, అక్కడే పడక. వారానికొక్క రోజు సెలవు. ఆ రోజు గోళ్ళకు రంగు వేయించుకుంటారు, డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం, అదోబో కూర పంచుకు తింటారు, ఫోన్ నిలబెట్టి పిల్లల చేత హోంవర్క్ చేయిస్తారు, అక్కడే పెట్టెలు కడతారు. ఒకే ఊరివాళ్ళు ప్రతివారం ఒకే చోట కూర్చుంటారు. ఊరు మొత్తం లేచి అట్టముక్క మీదికొచ్చినట్టుంటుంది.

ఈ నేపథ్యం తెలిశాక, 'పినోయ్ ప్రైడ్' అని బయట ఎగతాళికి గురయ్యే సంబరం వేరేగా కనిపిస్తుంది. బాక్సర్ మానీ పాక్యావ్ ఎనిమిది వెయిట్ విభాగాల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతను బరిలో ఉన్నప్పుడు మనీలా వీధులు ఖాళీ అయ్యేవి. విశ్వసుందరి కిరీటం ఆ దేశానికి నాలుగుసార్లు వచ్చింది. (1994లో ఆ పోటీ మనీలాలోనే జరిగింది, హైదరాబాద్‌లో పుట్టిన సుస్మితా సేన్ గెలిచింది, మనకూ ఆ గెలుపు గుర్తే.) విదేశీ గాయకులెవరికైనా తల్లో తండ్రో తాతో ఫిలిప్పీనో అని తెలిస్తే చాలు, మనవాళ్ళేనంటారు. బయటివాడు మెచ్చుకుంటే తప్ప తమ విలువ తాము నమ్మని బానిస బుద్ధి ఇది అని అక్కడి మేధావులే విమర్శిస్తారు. చర్మం తెల్లబడే క్రీముల వ్యాపారం చూస్తే ఆ విమర్శలో నిజం లేదనలేం.

అయినా నేను ఆ విమర్శతో పూర్తిగా ఏకీభవించను. ఎందుకో చెప్పడానికి వెయిట్‌లిఫ్టర్ హిదిలిన్ దియాస్ కథ చాలు. సాంబోవాంగాలో, మూడుచక్రాల బండి నడిపే తండ్రికి పుట్టిన పిల్ల. చిన్నప్పుడు నీళ్ళ బిందెలు మోసింది. 2019లో ఒలింపిక్స్‌కు సిద్ధమవ్వడానికి డబ్బు చాలక సాయం చేయమని బహిరంగంగా అడిగింది. అదే ఏడాది, ప్రభుత్వాన్ని కూల్చడానికి కుట్ర జరుగుతోందంటూ అధ్యక్ష భవనం విలేకరులకు చూపిన పటంలో ఆమె పేరు కూడా కనిపించింది. కరోనా రోజుల్లో మలేషియాలో చిక్కుకుపోయి, అక్కడే సాధన చేసింది. 2021 జూలై 26న టోక్యోలో 55 కిలోల విభాగంలో మొత్తం 224 కిలోలు ఎత్తింది. 1924 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తున్న దేశానికి అది మొట్టమొదటి బంగారు పతకం. ఊరికి దూరంగా, ఒంటరిగా, ఇంట్లో గుర్తింపు లేకుండా బరువు మోసిన ఆడమనిషి. ఆ కథ ఫిలిప్పీన్స్‌లో ఎన్ని ఇళ్ళల్లో ఉందో ఆలోచించండి. ఆ రోజు టీవీ ముందు ఏడ్చినవాళ్ళకు అందులో కనిపించింది సొంత అమ్మో, అక్కో. వాళ్ళు రోజూ ఎత్తేదానికి పతకం ఎవరూ ఇవ్వరు. 2020లో అమెరికాలో కరోనాతో చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడో వంతు ఫిలిప్పీనోలని అక్కడి నర్సుల సంఘం లెక్క తీసింది. దేశం మొత్తం నర్సుల్లో వాళ్ళు నూటికి నలుగురే.

బయటే పుట్టి పెరిగిన తరంతో పేచీ మరో రకం. అమెరికాలో ఫిలిప్పీనో మూలాలున్నవాళ్ళు 40 లక్షలకు పైనే. 2020లో ఒక ఆన్‌లైన్ నిఘంటువు 'ఫిలిపినెక్స్' అనే మాటను చేర్చింది. ఫిలిపినో మగ, ఫిలిపినా ఆడ కాబట్టి, రెండూ కాని మాట ఉండాలని అమెరికాలోని యువతరం వాదన. మనీలాలో చాలామందికి ఒళ్ళు మండింది. మా భాషలో ఆడకీ మగకీ ఒకటే సర్వనామం, 'సియా', ఇంక కొత్తగా నేర్పేదేముంది అన్నారు. నిజమే. అమెరికావాళ్ళ వైపూ నిజముంది. వాళ్ళు బతికేది ఇంగ్లీషులో, అక్కడి నలుపు తెలుపుల మధ్య తమ చోటు తాము వెతుక్కోవాలి. 1965 సెప్టెంబర్ 8న కాలిఫోర్నియా డెలానోలో ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్‌లియోంగ్ నాయకత్వంలోని ఫిలిప్పీనో కూలీలు. పేరు మాత్రం తర్వాత చేరినవాళ్ళకే ఎక్కువ దక్కింది. ఆ పేరు తిరిగి తెచ్చుకునే పని ఇప్పుడు మనవళ్ళు చేస్తున్నారు. మనీలాకు ఆ గొడవ పట్టదు, పట్టాలని కోరడమూ సబబు కాదు.

ఇద్దరూ కలిసే చోటు విమానాశ్రయమే. డిసెంబర్‌లో అమెరికా నుంచి దిగిన మనవరాలికి టగాలోగ్‌లో పది మాటలు వచ్చుంటాయి, పాస్‌పోర్టు నీలిరంగుది, పక్కన అమ్మమ్మ కోసం కట్టిన పెట్టె. టాక్సీ డ్రైవర్ ఆ పెట్టె చూస్తాడు, మొహం చూస్తాడు. కాసేపాగి అడుగుతాడు: తగాసాన్ పో కయో సా ఆతిన్? మన దగ్గర మీదే ఊరండీ?